గంపెత్తు

పోయిన ఆదివారం మధ్యాహ్నం నల్లగొండలో కురిసిన వానకు మా అపార్టుమెంటు వెనక గోడ పక్కన చిన్న వాగే పారింది. కింది వాటాలో కిరాయికుండే అమ్మాయి ఆ గోడ పక్కనే జాలీ కట్టి అయిదు నాటుకోళ్లను పెంచుతున్నది. బ్యాంకులో పని, తెలివైన పిల్ల, కోళ్లకు కూడా ఇంగ్లీషు పేర్లు పెట్టుకుంది. వాన మొదలైన అరగంటకు జాలీలోకి నీళ్లు వచ్చాయి. ఆ పిల్ల గొడుగు పట్టుకుని ఒకసారి కోళ్ల వైపు, ఒకసారి చేతిలోని ఫోను వైపు చూస్తూ నిలబడింది. వరదలో కోళ్లను ఎట్లా కాపాడుకోవాలో ఫోనులో ఎవరో చెబుతున్నారట. రెండో అంతస్తు బాల్కనీలో కూర్చున్న నేను ఉండబట్టలేక లేచి, "గంపెత్తు పిల్లా, గంపెత్తు" అని అరిచాను. నా గొంతు నాకే మా అత్తమ్మ గొంతులా వినిపించింది. ఆ పిల్ల తల పైకెత్తి, "ఏం ఎత్తాలె అమ్మమ్మా?" అని అడిగింది. నిజమే, అక్కడ గంపే లేదు. చివరికి ఒక్కొక్క కోడినీ చంకలో పెట్టుకుని మెట్ల మీదికి చేర్చింది. నేను వచ్చి కుర్చీలో కూలబడ్డాను. ఏం ఎత్తాలె అని ఆ పిల్ల అడిగిన ప్రశ్నను పదిహేడేళ్ల వయసులో నేను అడిగి ఉంటే, మా అత్తమ్మ ఎడమ చేతికి అయిదు వేళ్లూ ఉండేవి.

నేను పుట్టింది మక్తల్ దగ్గర నల్లరేగడి ఊళ్లో. మా బాపు పండరి భజనలో చేరి మెడలో తులసిమాల వేసుకున్నాక మా ఇంట్లో కోడి సంగతి అటుంచి కోడిగుడ్డు మాట కూడా వినిపించేది కాదు. కోడి కూతకే లేచేవాళ్లం గాని ఆ కోడి పక్కింటిది. అట్లాంటి ఇంటి నుంచి నన్ను తీసుకుపోయి నకిరేకల్ అవతల, ఊళ్లోకెల్లా ఎక్కువ కోళ్లున్న ఇంట్లో ఇచ్చారు. కృష్ణ మీద పెద్ద డ్యాం కడుతున్న రోజులవి. మా ఇంటాయన అక్కడ రాతిపనికి పోయి నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చేవాడు. మామ నేను కాపురానికి రాకముందే పోయాడు. ఇక ఇంట్లో మిగిలింది అత్తమ్మ, మరిది, నేను, ఒక బర్రె, పదకొండు కోళ్లు. ఆ ఇంట్లో ఎవరి తర్వాత ఎవరు అని చెప్పాలంటే మొదట మరిది, తర్వాత కోళ్లు, ఆ తర్వాత బర్రె, చివర నేను. కోడికున్న మర్యాద కోడలికి లేదని బావి దగ్గర నేనన్న మాట పొద్దుగూకేసరికి అత్తమ్మ చెవిన పడింది. ఆమె కోప్పడలేదు. కోడి గుడ్డు పెడతాంది, నువ్వేం పెట్టినవని మాత్రం అడిగింది. పెళ్లయి అప్పటికి ఏడాది దాటింది. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

అత్తమ్మకు అప్పుడు నలభై ఉంటాయేమో. పొడుగు మనిషి, బక్కపలుచన, చేయి మాత్రం మహా బరువు. నోటికంటే ముందు చేయి వచ్చేది. కూరలో ఉప్పెక్కువైతే ఒకటి, కుండ పగిలితే రెండు. ఇదంతా ఘోరమని నా మనవరాలు అంటుంది. ఘోరమే, కాదని నేననను. కానీ అదే చేయి పొదిగే పెట్ట కింది గుడ్లను దీపానికి అడ్డంగా పట్టి ఏది పిల్లవుతుందో ఏది మురుగుతుందో చెప్పేది. చలికి వడలిపోయిన కోడిపిల్లను గుప్పిట్లో పెట్టుకుని నోటి ఆవిరితో బతికించేది. దొడ్డిలో వెనక మట్టిగోడకు ఆనించి, ముళ్లకంప కట్టి, పైన తాటాకు పందిరి వేసి కోళ్లకు జాగా చేసింది. పొద్దుగూకగానే వాటిని రెండు పెద్ద గంపలు బోర్లించి కింద పెట్టేది. పిల్లి లేపకుండా గంప మీద చెరొక రాయి. దాన్ని కమ్ముడు అనేది. తెల్లవారి రాయి తీసి, గంప లేపి, కోళ్లను బయటికి వదలడం ఎత్తుడు. కాపురానికి వచ్చిన నాటి నుంచి పొద్దున్నే నా చెవిన పడే మొదటి మాట గంపెత్తు. ముఖం కడుక్కోకముందే పోయి ఎత్తేదాన్ని. ఆ మాటకు ఇంకొక అర్థం ఉంటుందని నాకు ఎట్లా తోస్తుంది?

ఆ ఎండాకాలం చివర మా మరిదికి అమ్మ పోసింది. మశూచి అంటే ఇప్పటివాళ్లకు అర్థమవుతుంది. ఇరవై ఏళ్ల మనిషి వేపమండల మీద ఒత్తిగిల్లలేక పడి ఉండేవాడు, అరికాళ్లలో కూడా పొక్కులే. ఇంట్లో తాళింపు బందు, గొంతెత్తి మాట్లాడడం బందు. అమ్మ ఇంట్లో ఉండగా చేయి లేపొద్దట, అందుకని అన్ని రోజులూ నాకు దెబ్బలు తప్పాయి. పోచమ్మ మీద నాకు భక్తి కుదిరింది అప్పుడే. కొడుకు దక్కితే ఎర్రపుంజును ఇస్తానని అత్తమ్మ మొక్కింది. పొక్కులు మాడాయి, ప్రాణం నిలిచింది. మనిషి మాత్రం లేచి కూర్చోలేనంత నీరసపడ్డాడు. ఆషాఢంలో ఒక ఆదివారం చూసుకుని పుంజును ఇద్దామనుకుంది. అప్పటిదాకా దాని కాలికి పసుపు రాసిన తాడు కట్టి, ఆ తాడు కొసను పందిరి గుంజకు ముడేసి, రెండో గంప కింద దాన్ని ఒక్కదాన్నే ఉంచింది. మొక్కిన కోడి ఇచ్చేలోపే చచ్చినా, పోయినా అమ్మ మళ్లీ ఆ ఇంటి మీదికి వస్తుంది. ఇంకొక నియమం కూడా ఉంది. ఆ తాడుకు ఇనుము తాకొద్దు. అమ్మ పేర వేసిన ముడిని చేత్తోనే విప్పాలి, కత్తితో కోస్తే మొక్కును కోసినట్టే. అది ఊరందరి నియమమో మా అత్తమ్మ ఒక్కదాని నియమమో నాకు తెలియదు. కొడుకు ప్రాణం ఆ ముడిలో ఉందని ఆమె నమ్మింది, అది మాత్రం తెలుసు.

ఆ ఆదివారం ఇంకా నాలుగు రోజులుందనగా, బుధవారం మధ్యాహ్నం ఆకాశం బొగ్గులా మారింది. కోళ్లు పొద్దుగూకిందనుకుని వాటంతటవే పందిరి కిందికి చేరాయి, అత్తమ్మ కమ్మేసింది. తర్వాత వాన దిగింది. మా మక్తల్ వైపు వాన బతిమాలితే వస్తుంది, బతిమాలడం ఆపితే పోతుంది. ఇది కొట్టడానికి వచ్చిన వాన. చినుకు పడ్డచోట మట్టి ఎగిరి గోడల మీద నడుమెత్తు దాకా చిల్లింది. మా ఇంటి వేపచెట్టు కొమ్మ విరిగి కొట్టం మీద పడింది, బర్రె పలుపు తెంపుకుని బజార్లోకి పరుగు తీసింది. గంటలోపే ఊరి మీది కుంటకు గండి పడింది. ఆ చప్పుడు నేను విన్నాను. ఆ వెనకే బజారు నిండా ఎర్రనీళ్లు వచ్చాయి. వాటితోపాటు ఎవరిదో నాగలి, ఎవరిదో తలుపు, తిరగబడిన కుక్క ఒకటి మా వాకిలి ముందు నుంచే పోయాయి. ఇంట్లోకి నీళ్లు రాగానే అత్తమ్మ కొడుకును రెండు చేతుల మీద ఎత్తుకుని నిచ్చెన ఎక్కి అటక మీదికి తోసే పనిలో పడింది. తన మనిషంత మనిషిని ఎట్లా ఎత్తిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. నిచ్చెన మీద నుంచే నా వైపు తిరిగి అరిచింది.

"గంపెత్తు పిల్లా, గంపెత్తు."

నేను దొడ్డిలోకి దిగాను. నీళ్లు మోకాళ్లు దాటాయి. మొదటి గంప సగం మునిగింది. లోపల పెట్టలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గంపను తన్నుతున్నాయి. రాయి తోసేసి గంప ఎత్తాను, రోజూ ఎత్తినట్టే, ఒక పక్కకు వంచి. పది పెట్టలు, పదిహేను రోజుల పిల్లలు పుట్టెడు. నీళ్లు వాటిని నా కళ్లముందే లాక్కున్నాయి. గోడ మూలన నీళ్లు పోవడానికి ఒక తూము ఉండేది. పిల్లలు ఒకదాని వెనక ఒకటి అందులోకి పోయాయి, అరవడానికి కూడా సందు దొరకలేదు. పెట్టలు రెక్కలు కొట్టుకున్నాయి గాని తడిసిన రెక్క కోడిని పైకి లేపదు, కిందికే గుంజుతుంది. ఒకటి నా కొంగును కాలి గోళ్లతో పట్టుకుంది. దాన్ని అందుకునేలోపు ఇంకొకటి దాని మీద వచ్చి పడింది, రెండూ పోయాయి. రెండు కంపలో చిక్కుకుని, ముళ్లకు మెడలు చీరుకుని, అక్కడే వేలాడాయి. నల్లపెట్ట ఒక్కటే ఎట్లాగో పందిరి మీదికి ఎగబాకింది. నేను గంప చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాను.

అత్తమ్మ గడప దగ్గర నిలబడి ఇదంతా చూసింది. నీళ్లలోకి దిగి నా దగ్గరికి వచ్చి చెంప మీద కొట్టింది. తిరిగి చూసేలోపు రెండో చెంప మీద కొట్టింది. నోరంతా నెత్తురు, కింది పన్ను ఒకటి ఊగింది. "ఇడిసిపెట్టుమన్ననా నిన్ను? మీదికి ఎత్తుమన్న" అన్నది. అప్పటికి గాని నాకు తెలియలేదు. గంప కిందికి గోనెపట్టా జార్చి, పట్టా కొసలు పైకి ముడిచి, కోళ్లతో సహా గంపను ఎత్తి అటక మీద పెట్టాలి. అత్తమ్మ పుట్టిల్లు మూసీ ఒడ్డు ఊరు. అక్కడ వాన పెద్దదైతే గంపెత్తు అంటే ఇదే, చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా ఊళ్లో తాగడానికే నీళ్లు చాలేవి కావు, కోళ్లను ముంచడానికి ఎక్కడి నుంచి వస్తాయి?

రెండో గంపను ఆమే ఎత్తింది. పుంజు మెడదాకా మునిగి, తల ఒక్కటి పైకి పెట్టి ఉంది. దాన్ని భుజం మీదికి ఎత్తుకుంది గాని తాడు పొట్టిది, ఆమెను నిలబడనివ్వలేదు. గుంజకు వేసిన ముడి నీళ్లకు బిగుసుకుని రాయిలా అయింది. ఒక చేత్తో పుంజును పట్టుకుని, ఇంకో చేత్తో ముడిని గీకింది. వంగి, ఎర్రనీళ్లలో ముఖం పెట్టి, పళ్లతో కొరికింది. ఊపిరి ఆడక లేచి, ఉమ్మేసి, మళ్లీ వంగింది. పుంజు భయానికి ఆమె చెవిని, మెడను పొడుస్తూనే ఉంది. ఆమె వెనక మట్టిగోడ అడుగు నానిపోయి పెళ్లలు పెళ్లలుగా నీళ్లలోకి రాలుతున్నది. గోడ పైభాగం మా వైపు వంగడం నేను చూశాను. పోదాం రమ్మని భుజం పట్టి గుంజితే మోచేత్తో నా పొట్టలో పొడిచింది. పందిరి వాసానికి కంప కొట్టే కత్తి దోపి ఉండేది, దాన్ని లాగాను.

కత్తిని చూడగానే ఆమె ముఖం మారిపోయింది. అంతదాకా నన్ను కొట్టిన మనిషి మొదటిసారి బతిమాలింది. "ఇనుము తాకియ్యకు. తాకిస్తె నా కొడుకు దక్కడు" అని ఎడమ చేతిని ముడి మీద కప్పింది. గోడ నుంచి ఒక పెద్ద పెళ్ల ఊడి ఆమె నడుము పక్కన పడింది. నేను కత్తి ఎత్తి గుంజ మీద వేశాను.

తాడు తెగింది. ఆమె చిటికెన వేలు కూడా తెగింది. పుంజుతో సహా ఆమెను జుట్టు పట్టి ఈడ్చుకుంటూ గడప దాకా వచ్చేసరికి మా వెనక గోడ కూలింది. పందిరి, గంపలు, గుంజ, పందిరి మీది నల్లపెట్ట అన్నీ దాని కిందికి పోయాయి. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే మేమిద్దరం కూడా అక్కడే ఉండేవాళ్లం. కాబట్టి నేను అత్తమ్మను కాపాడాను. ఊళ్లో ఎవరికి చెప్పినా ఈ మాటే అంటారు, ఈ మాట అబద్ధం కూడా కాదు. కానీ ఈ వయసులో దాచుకుని ఏం చేస్తాను? ఆ వేలు తాడు మీద ఉందని నాకు తెలుసు. కనిపించింది. నా నోట్లో ఇంకా నెత్తురు ఉంది, ఏడాదిగా తిన్న దెబ్బలన్నీ నా మోచేతిలోకి వచ్చి ఉన్నాయి. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు అంటారు. నా కోపం దుత్త దాకా పోకుండా అత్త మీదే దిగింది.

ఆమె అరవలేదు. ఇంట్లోకి వచ్చి, పుంజును అటక మీది కొడుకు పక్కకు విసిరి, చేతికి పసుపు అద్ది, పాతచీర పేలిక కాల్చిన మసి పెట్టి, పళ్లతో కట్టు బిగించుకుంది. నేను మూలన కూర్చున్నాను. నా వైపు చూడలేదు. పొద్దుగూకేలోపు నీళ్లు తగ్గాక, ఇరుగుపొరుగు వచ్చి ఆ చేతిని చూసి ఏమైందని అడిగినప్పుడు, గోడ మీద పడ్డదని చెప్పింది. నా చెంప వాపు గురించి అడిగితే అది కూడా గోడేనన్నది. పాపం ఆ గోడ పడిపోతూ పడిపోతూ ఎన్ని నిందలు మోసిందో. మర్నాడు బండి కట్టుకుని నకిరేకల్ దవాఖానకు పోయి కుట్లు వేయించుకుని వచ్చింది. తోడు నేనే పోయాను. దారి పొడుగునా తుమ్మచెట్లకు చచ్చిన కోళ్లు, మేకపిల్లలు చిక్కుకుని ఉన్నాయి.  ఇంటికి రాగానే గోడ మట్టిలోంచి తెగిన తాడు ముక్కను వెతికి తీసి, తొమ్మిది వేళ్లతో, పుంజు కాలికున్న తాడుకు తెగినచోట మళ్లీ ముడేసింది. ఎవరికీ చెప్పొద్దని కళ్లతోనే చెప్పింది.

ఆదివారం పోచమ్మ గుడికి పోయాం. పోచమ్మకు పూజ చేసేది ఊరి కుమ్మరాయన. మొక్కిన కోడిని కోసే ముందు దాని మీద నీళ్లు చల్లాలి. అది ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు, విదిలించకపోతే మొక్కులో ఏదో దోషం ఉన్నట్టు. కుమ్మరాయన చెంబుతో నీళ్లు పోశాడు. పుంజు కదల్లేదు. మళ్లీ పోశాడు. కదల్లేదు. నాలుగు రోజుల కింద మెడదాకా మునిగి బతికిన పుంజుకు చెంబెడు నీళ్లు ఏపాటి? ఇప్పుడు ఇట్లా అని నవ్వగలుగుతున్నాను గాని అప్పుడు కత్తి తాకిన సంగతి బయటపడిందనే అనుకున్నాను. మూడో చెంబుకు కుమ్మరాయన తలెత్తి, ఏం తప్పు జరిగిందని అత్తమ్మను అడిగాడు. ఆమె నన్ను చూపించి ఉంటే ఆ పూటే నన్ను మక్తల్ బండి ఎక్కించేవాళ్లు, మా బాపు ముఖం ఎత్తుకునేవాడు కాదు. ఆమె నన్ను చూపించలేదు. ముందుకు పోయి, కట్టు విప్పి, మానని ఆ వేలి మొదలును పుంజు వీపు మీద పెట్టి ఒత్తింది. నెత్తురు ఈకల మీదికి కారింది. ఎందుకు ఒత్తిందో, అమ్మకు ఏం చెప్పుకుందో పక్కనున్న నాకు కూడా వినిపించలేదు. పుంజు మెడ దగ్గర మొదలుపెట్టి తోక దాకా ఒళ్లంతా విదిలించింది. ఆ తుంపరలు నా ముఖం మీద పడ్డాయి. కుమ్మరాయన ఒక్క వేటుతో తల తీశాడు.

మరిది బతికాడు. ముఖం నిండా మచ్చలతో, ముగ్గురు పిల్లల తండ్రయ్యాడు. అత్తమ్మ నన్ను మళ్లీ ఎన్నడూ కొట్టలేదు. నా పిల్లలిద్దరికీ ఆ నాలుగు వేళ్ల చేత్తోనే నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది. మేము ఆ ఇంట్లో ముప్పై అయిదేళ్లు కలిసి బతికాం, ఆ రోజు మాట ఎత్తకుండా. ఒక్కసారి మాత్రం, ఇద్దరం పల్లికాయలు ఒలుస్తూ ఉండగా, నేనే తెగించి ఎత్తాను. అమ్మకు పుంజు సరిపోలేదనీ, తన వేలు కూడా తీసుకుందనీ, నా చేతిలో కత్తి పెట్టింది అమ్మేననీ అత్తమ్మ అన్నది. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. నేను ఊరుకోలేదు, కోపంతోనే కొట్టానని చెప్పాను. ఆమె ఇంకో నాలుగు కాయలు ఒలిచింది.

"నాకెరుకే. కత్తి లేవంగనే నీ మొకం సూసిన. సూసి గూడ చెయ్యి తియ్యలే" అన్నది.

నన్ను క్షమించి ఆ మాట అన్నదో, జన్మంతా మోసుకో అని అన్నదో అప్పుడు అడగడానికి ధైర్యం చాలలేదు. మెల్లగా అడుగుదాంలే అనుకుంటూ ఉండగానే డెబ్బై ఆరో ఏట పోయింది. నాకు పోయిన ఏడాది ఆ వయసు దాటింది. ఇప్పుడు అడగాలన్నా ఆమెకంటే నేనే పెద్దదాన్ని.